గాలిమోటరు: చిన్న విమానాలకు ఈ మాట సరిపోదా?

జనగామ సభ్యురాలి ప్రశ్న:

మా పాఠశాల సైన్స్ ప్రదర్శన కోసం పిల్లలు అట్టతోనూ థర్మకోలుతోనూ చిన్న విమానాల నమూనాలు చేస్తున్నారు. ‘లైట్ ఎయిర్‌క్రాఫ్ట్’ అన్నదానికి బోర్డు మీద తెలుగులో ఏమని రాయించాలో తేల్చుకోలేకపోతున్నాను. ‘లఘు విమానం’ అని ఒకరు, ‘తేలికపాటి విమానం’ అని మరొకరు సూచించారు. మా అమ్మమ్మ మాత్రం ఆకాశంలో ఏది పోయినా ‘గాలిమోటరు’ అనేది. ఆ మాట రాయిస్తే చూడవచ్చినవారు నవ్వుతారేమోనని సందేహంగా ఉంది. పెద్దలు చెప్పగలరు.

హనుమకొండ సభ్యుడి జవాబు:

టీచరు గారూ, నవ్వేవారిని నవ్వనివ్వండి, మీరు మాత్రం ‘గాలిమోటరు’ అనే రాయించండి. అమ్మమ్మ మాట మీద మమకారంతో ఈ సలహా ఇవ్వడం లేదు. చిన్న విమానాల చరిత్ర తెలిసినవారు కూర్చుని కొత్తగా మాట కట్టవలసి వచ్చినా ఇంతకంటే మంచిది కట్టలేరని నా అభిప్రాయం.

‘లఘు విమానం’లో వ్యాకరణదోషం ఏమీ లేదు. అయితే అది తూకాన్ని మాత్రమే చెబుతుంది, ఆ తూకం కూడా మనం ఊహించుకునేంత తక్కువేమీ కాదు. అమెరికాలో సాధారణంగా పాటించే గీత ప్రకారం గరిష్ఠంగా 12,500 పౌండ్లు, అంటే సుమారు 5,670 కిలోల బరువుతో పైకి లేచేదంతా ఈ తరగతిలోకే వస్తుంది. రెండు టర్బైన్ ఇంజన్లతో ఎగిరే బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ 200 సరిగ్గా ఆ గీత మీద నిలుస్తుంది. మనుషులతోనూ పెట్రోలుతోనూ నింపినా 553 కిలోలు దాటని పైపర్ కబ్ కూడా అదే గీత కింద ఉంటుంది. ఒక దానికి పది రెట్లు బరువున్న మరొక దానిని కూడా ‘తేలిక’ అనే పిలవవలసి వచ్చినప్పుడు, ఆ విశేషణం చదివేవారికి చెప్పేది ఏమంత ఉండదు.

‘విమానం’ అన్న మాటతో మన ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. ‘కొలుచు’ అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి పుట్టిన ఈ పదానికి శిల్పశాస్త్రంలో గర్భగుడి మీది కట్టడం అని అర్థం. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి విమానాన్ని నీటిలో వేస్తే తేలే ఇటుకలతో కట్టారన్న సంగతి మన పిల్లలందరికీ తెలుసు. కాబట్టి ‘తేలిక విమానం’ అని బోర్డు రాసి పెడితే, ములుగు వైపు నుంచి వచ్చిన చరిత్ర మాస్టారెవరైనా నేరుగా రామప్ప గురించే అడిగే ప్రమాదం ఉంది.

ఇక ‘గాలిమోటరు’ సంగతి చూద్దాం. ఇందులోని ‘మోటరు’కు మన జిల్లాల్లో రెండు అర్థాలున్నాయి. పాతది కారు, బస్సు వంటి బండి. ఇప్పటిది తిరిగే యంత్రం, అంటే బోరు బావి మీద బిగించి, కాలిపోయినప్పుడు రైతును వైండింగ్ దుకాణానికి తిప్పేది. మాట పుట్టినప్పుడు ఉద్దేశించినది మొదటి అర్థమే, గాలిలో పోయే బండి అని. కానీ చిన్న విమానాల చరిత్రకు రెండు అర్థాలూ అతుకుతాయి, మొదట రెండవదాన్నే తీసుకుంటాను.

చిన్న విమానం పుట్టుక ఎప్పుడూ రెక్కల దగ్గర ఆగలేదు, ఇంజను దగ్గరే ఆగింది. 1903లో ఎగరడానికి ముందు రైట్ సోదరులు కార్ల కంపెనీలకు ఉత్తరాలు రాసినా తగినంత తేలికైన ఇంజను దొరకలేదు. చివరికి తమ సైకిల్ దుకాణంలోని మెకానిక్ చార్లీ టేలర్ అల్యూమినియం క్రాంక్‌కేసుతో సుమారు 12 అశ్వశక్తి ఇంజనును ఆరు వారాల్లో చేసి ఇస్తే గాని వారి యంత్రం నేల వదలలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, సామాన్యుడు కొనుక్కుని ఎగరగల విమానం చేయాలని ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ సంకల్పించినప్పుడూ కథ ఇదే. యుద్ధంలో మిగిలిపోయిన ఎనిమిది సిలిండర్ల రెనో ఇంజన్లు చవకగా పడి ఉండగా, ఫ్రాంక్ హాల్‌ఫోర్డ్ అనే ఇంజనీరు దానిలో సగాన్ని తీసుకుని, నాలుగు సిలిండర్లతో సుమారు 60 అశ్వశక్తి ఇంజను తయారుచేశాడు. దాని చుట్టూ కట్టినదే 1925 ఫిబ్రవరి 22న మొదటిసారి ఎగిరిన మాత్ విమానం. పాత ఇంజన్ల నిల్వ తరిగిపోగానే వారే స్వయంగా జిప్సీ ఇంజను చేశారు, అప్పటి నుంచి విమానానికి కూడా ఆ ఇంజను పేరే కలిసి ‘జిప్సీ మాత్’ అయింది. 1930లో ఎమీ జాన్సన్ అనే మహిళా పైలట్ ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా వెళ్లింది అటువంటి దానిలోనే.

మాత్ అంటే శలభం, మన దీపపు పురుగు. డి హావిలాండ్‌కు ఆ పురుగులను సేకరించి పరిశీలించే అలవాటు ఉండేది. కొట్టంలో పెట్టుకోవడానికి వీలుగా రెక్కలు వెనక్కి మడుచుకునే విమానానికి ఆ పేరు తోచడంలో వింత లేదు. పస్ మాత్, టైగర్ మాత్, లెపర్డ్ మాత్ అని ఒక వంశమే నడిచింది. 1932 అక్టోబరు 15న జే.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చినది పస్ మాత్‌లో. మన దేశపు విమానయాన సంస్థ దీపపు పురుగు వీపు మీద మొదలైందన్న సంగతి పిల్లలకు బాగా నచ్చుతుంది.

అమెరికా కథలో ఇంజను పాత్ర ఇంకా స్పష్టం. 1930లో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో సి.జి. టేలర్ కట్టిన రెండు సీట్ల విమానానికి ముందు బిగించిన ఇంజను పేరు ‘టైగర్ కిటెన్’, శక్తి కేవలం 20 అశ్వశక్తి. ఇంజను పులిపిల్ల కాబట్టి విమానానికి ‘కబ్’, అంటే కూన అని పేరు పెట్టారు. అయితే ఆ కూన నేల మీది నుంచి సరిగా లేవనే లేదు. మరుసటి సంవత్సరం కాంటినెంటల్ కంపెనీ 37 అశ్వశక్తి ఇంజను అందించిన తర్వాతే అది విమానం అనిపించుకుంది. చమురు వ్యాపారి విలియం పైపర్ కంపెనీని చేతిలోకి తీసుకున్నాడు, 1937లో ఫ్యాక్టరీ తగలబడితే లాక్ హేవెన్ పట్టణంలో మూతపడిన ఒక పట్టు మిల్లులోకి మారాడు. ఆజంజాహి మిల్లును మూతపడ్డాక చూసిన మా వరంగల్ వాళ్లకు, మూసిన మిల్లులోంచి విమానాలు బయటికి రావడమన్నది కొంచెం అసూయ కలిగించే విషయమే. 1938 నుంచి 1947 దాకా దాదాపు 20,000 పసుపు పచ్చ జె-3 కబ్‌లు అక్కడి నుంచి వెళ్లాయి. వాటికి స్టార్టరు ఉండేది కాదు, ఒకరు ముందు నిలబడి పంకాను చేత్తో తిప్పవలసిందే.

మొదటి అర్థమైన ‘బండి’ ఇక్కడే వచ్చి కలుస్తుంది. పైపర్‌ను విమానాల హెన్రీ ఫోర్డ్ అనేవారు. కాన్సస్ రాష్ట్రపు రైతు క్లైడ్ సెస్నా 1911లో తన మొదటి విమానం కట్టుకుని, 1927లో విచిటాలో సొంత కంపెనీ పెట్టాడు. ఆర్థిక మాంద్యంలో అది మూతపడితే మేనల్లుడు డ్వేన్ వాలెస్ 1934లో తిరిగి తెరిచాడు. 1956లో అమ్మకానికి వచ్చిన సెస్నా 172ను కారు నడిపినంత సులువుగా పైకి తోలుకుపోయి కిందికి తోలుకురావచ్చని ప్రకటించారు, ముందు చక్రంతో కలిపి మూడు చక్రాల మీద నిలవడం దాని ప్రత్యేకత. ఇప్పటికి 44,000కు పైగా తయారై, ప్రపంచంలో అన్నింటికంటే ఎక్కువ సంఖ్యలో కట్టిన విమానంగా నిలిచింది. గాలిలో పోయే మోటరు అన్న మాట దీనికి అక్షరాలా వర్తిస్తుంది. అదే విచిటాలో వాల్టర్ బీచ్, ఆయన భార్య ఆలివ్ యాన్ కలిసి 1932లో బీచ్‌క్రాఫ్ట్ పెట్టారు. వారి బొనాంజా విమానాన్ని ధనవంతుల బండి అనుకోవచ్చు.

ఇటువంటి విమానం ఎక్కే ముందు పైలట్ చేసే పని చూస్తే ఎవరికైనా మెకానిక్ షెడ్డే గుర్తొస్తుంది. ముందుగా రెక్క కింది కవాటాన్ని నొక్కి, చిన్న గాజు గొట్టంలోకి కొంచెం పెట్రోలు పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు: లేత నీలి రంగులో ఉందా, అడుగున నీటి బొట్టు గుండ్రంగా కూర్చుందా అని. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి ట్యాంకులోనూ అడుగుకే చేరుతుంది; విమానం పైకి లేచిన తర్వాత ఆ బొట్టు ఇంజనులోకి పోతే మోటరు ఆగుతుంది. తర్వాత రన్‌వే చివర నిలిచి ఇంజను వేగం పెంచి, తాళంచెవిని ఒక గడి తిప్పుతాడు. ప్రతి సిలిండరుకూ రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ పుట్టించే కరెంటును ఇచ్చే రెండు వేర్వేరు మాగ్నెటోలు ఉంటాయి. ఒకదాన్ని ఆపినప్పుడు ఇంజను శబ్దం కొద్దిగా కుంగి, వేగం చూపే సూది కొంచెం దిగితే రెండూ పనిచేస్తున్నట్టు. అసలు దిగకపోయినా, మరీ ఎక్కువ దిగినా అతడు వెనక్కి తిరిగి రావలసిందే. మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు కాబట్టి కరెంటంతా పోయినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది.

మన దేశపు పేర్లలో నాకు ఇష్టమైనది హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వారు 1958లో ఎగరేసిన ‘పుష్పక్’. ఎంతమంది ఎక్కినా మరొకరికి చోటు మిగిలే పుష్పకం పేరును ఇద్దరు మాత్రమే పట్టే, 90 అశ్వశక్తి కాంటినెంటల్ ఇంజనున్న ఫ్లయింగ్ క్లబ్ విమానానికి పెట్టినవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

కరీంనగర్ సభ్యుడి అభ్యంతరం:

వాదన బాగుంది, కానీ రెండు విషయాలు ఒప్పుకోలేను. మా ఊళ్లో బోయింగ్ విమానాన్ని కూడా గాలిమోటరే అన్నారు, వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయంలో దిగినవాటినీ అదే అన్నారు. అందరికీ చెందిన మాటను చిన్నవాటికే కట్టివేయడం ఎలా? రెండవది, గాలి తెలుగు, మోటరు ఇంగ్లీషు. ఇది వైరి సమాసం కాదా?

హనుమకొండ సభ్యుడి జవాబు:

పెద్ద విమానానికి ‘విమానం’ స్థిరపడిపోయింది, దాన్ని కదిలించే పని లేదు. ఖాళీ అయిన పాత మాట అర్థాన్ని కుదించుకుని కొత్త చోట నిలవడం మన భాషలో ఎప్పటి నుంచో ఉన్నదే. చీర అంటే ఒకప్పుడు వస్త్రమేదైనా చీరే, ఇప్పుడు ఆడవారు కట్టేది మాత్రమే. దీన్నే మనం బడిలో అర్థసంకోచం అని చదువుకున్నాం. వైరి సమాసం మాటకు వస్తే, రైలుబండి ఎక్కి కరీంనగర్ చేరేవారెవరూ ఇప్పటిదాకా దిగేటప్పుడు సమాసదోషం పట్టలేదు.

పైగా నిన్నటి కంటే ఇవాళ ఈ మాట ఇంకా ఎక్కువగా సరిపోతోంది. గత మూడు దశాబ్దాల్లో అల్ట్రాలైట్లను, అంటే అతి తేలిక విమానాలను, రెండు సీట్ల స్పోర్ట్ విమానాలను ఎక్కువగా నడిపించినది ఆస్ట్రియాలోని రోటాక్స్ కంపెనీ ఇంజనే. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారి ‘హంస’ కూడా దానితోనే ఎగురుతుంది. స్లొవేనియాలోని పిపిస్ట్రెల్ కంపెనీ పేరుకు గబ్బిలం అని అర్థం. యుగోస్లావియా కాలంలో అధికారుల కంట పడకుండా మునిమాపు వేళ ఎగిరినవారిని చూసి స్థానికులు గబ్బిలాలతో పోల్చడం వల్ల ఆ పేరు వచ్చిందట. ఆ కంపెనీ విమానాలు 194 కొనడానికి 2015లో మన రక్షణ శాఖ ఒప్పందం చేసుకుంది, ఎన్‌సీసీ వారు వాటిని ‘గరుడ్’ అంటారు. గబ్బిలం సముద్రం దాటి గరుత్మంతుడయింది.

అదే కంపెనీ చేసిన వెలిస్ ఎలక్ట్రో 2020 జూన్‌లో ఐరోపా అనుమతి పొందింది, పూర్తిగా కరెంటుతో నడిచే విమానాల్లో ఆ ధ్రువీకరణ దక్కిన మొదటిది అదే. అందులో ఇంజను లేదు, పెట్రోలు లేదు, ఉన్నది 57.6 కిలోవాట్ల కరెంటు మోటరు, బ్యాటరీలు. మన రైతు బావి మీది 5 హెచ్‌పీ మోటరుతో లెక్క కడితే సుమారు పదిహేను మోటర్ల శక్తి. దీనిని ‘లఘు విమానం’ అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ‘గాలిమోటరు’ అంటే సగం యంత్రశాస్త్రం అందులోనే చెప్పినట్టు.

జనగామ సభ్యురాలు:

ధన్యవాదాలు. ఆఖరి సందేహం: గాలి, మోటరు విడివిడిగా రాయాలా, కలిపి రాయాలా? మోటరా, మోటారా?

హనుమకొండ సభ్యుడి జవాబు:

గాలిపటం, గాలిమర ఎలా రాస్తామో అలాగే కలిపి రాయించండి. పత్రికల్లో ‘మోటారు’ అని దీర్ఘం కనిపిస్తుంది, మన నోట మాత్రం ‘మోటరు’ అనే పలుకుతుంది కాబట్టి బోర్డు మీద హ్రస్వమే ఉండనివ్వండి. ఒక్కొక్క నమూనా కింద విమానం పేరుతో పాటు దాని మోటరు ఎన్ని అశ్వశక్తులదో కూడా రాయించండి. పిల్లలు ముందు చదివేది అదే.