ఆర్‌ఎక్స్ 100 కార్బురేటర్ రబ్బరు పగిలింది: అతికించాలా, మార్చాలా?

కెంగేరి గేటు:
నాన్నగారి 1991 నాటి యమహా బైకు ఆర్‌ఎక్స్ 100 చాలాకాలంగా ఇంటి వెనక పడి ఉంది. కిక్ కొడితే లేస్తుంది. కానీ వేడెక్కాక ఆక్సిలరేటర్ వదిలినా ఇంజన్ దిగదు, రేస్ అవుతూనే ఉంటుంది. ప్లగ్ విప్పితే కొన తెల్లగా ఉంది. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్‌ను ఇంజనుకు జోడించే రబ్బరు ఉంటుంది కదా, దాని అడుగున, ఇంజనుకు బిగించే లోహపు పలకను (ఫ్లాంజిని) అంటుకున్న చోట ఒక పగులు కనిపించింది. బొటనవేలితో నొక్కితే నోరు తెరుస్తుంది. సీలెంట్ పూస్తే చాలని మా వీధి మెకానిక్ అంటున్నాడు. జేసీ రోడ్డులో ఒక షాపువారు డూప్లికేట్ చూపించారు. మరొకరు సీలు విప్పని పాత ఒరిజినల్ ఉందని చెప్పి, దానికి కళ్లు తిరిగే ధర చెప్పారు. ఏం చేయమంటారు?

రీడ్‌వాల్వు:
ముందు బండి నడపడం ఆపండి. పగులులోంచి గాలి లోపలికి వెళ్తే మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గుతుంది, మంట వేడి పెరుగుతుంది. ఇది టూ స్ట్రోక్ ఇంజన్, పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా లోపలికి వెళ్లాలి. ఆయిల్ పంపు తీసేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుతున్న బండి అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. ఏదో ఒక రోజు అరవై మీద వెళ్తుండగా పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుని పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుంటుంది. అప్పుడు రబ్బరు ధర గుర్తుకు రాదు. ఒరిజినల్ వేయండి. వేరే మాట లేదు.

గాలిమిల్లు:
కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ రంధ్రం ఒక సైజు పెంచండి, సరిపోతుంది.

రీడ్‌వాల్వు:
సరిపోదు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజన్ తీసుకునే గాలే తక్కువ, అందులో లీకు వాటా ఎక్కువ. పూర్తిగా తెరిచినప్పుడు ఆ వాటా తక్కువ. మెయిన్ జెట్ పనిచేసేది పూర్తిగా తెరిచినప్పుడు. అంటే అవసరం లేని చోట పెట్రోలు పోస్తారు, అవసరమైన చోట ఎండగడతారు.

పుదుపేట పాతకాపు:
చెన్నై నుంచి రాస్తున్నాను. కెంగేరి గారూ, కంగారు పడకండి. పాత రబ్బరు మీద ఎండకూ వేడికీ వచ్చే పైపై గీతలు వేరు, లోపలికంటా దిగిన పగులు వేరు. ఇంజన్ స్లోలో ఉంచి ఆ పగులు మీద సబ్బునీళ్లు చల్లండి. శబ్దం మారితే లీకు ఉన్నట్టే, మారకపోతే మీ జబ్బు వేరే చోట ఉంది. పెట్రోలు మాత్రం చల్లకండి, పక్కనే సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. లీకు అక్కడే అని తేలితే, విప్పి శుభ్రం చేసి, పెట్రోలుకు తట్టుకునే గమ్ పెట్టి, పైన సైకిల్ ట్యూబు బిగించి చుట్టండి. మా నాన్నగారి షెడ్డులో మాధవరం నుంచి పాలు వేసే ఆయన బండికి ఇలాగే చేశారు. ఆయన వ్యాపారం ఒక్క పూట కూడా ఆగలేదు.

రసాయనం:
గమ్ అంటే ఏ గమ్? మెకానిక్ పూస్తానన్నది ట్యూబులో వచ్చే సిలికాన్ సీలెంట్ అయితే ఒప్పుకోకండి. సిలికాన్ పెట్రోలును పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ తర్వాత పాలమీద మీగడలా ఊడి వస్తుంది. ఊడిన ముక్క, మిశ్రమాన్ని లోపలికి వదిలి మూసుకునే రీడ్ రేకుల మధ్య ఇరుక్కుంటే అవి మూసుకోవు, బండి స్టార్ట్ కాదు. దయచేసి దీనికి జవాబు చెప్పండి.

మల్లేశ్వరం మొదటి అంతస్తు:
ఈ బండ్ల పొగ మా కిటికీలోకి రాకుండా ఏం పూయాలో కూడా చెప్పండి.

రీడ్‌వాల్వు:
పాతకాపు గారూ, మీ సైకిల్ ట్యూబు వైద్యం నేను అనుభవించాను. హోసూరు రోడ్డు మీద నా బండి పట్టేసింది. విప్పి చూస్తే ఎవరో మీలాంటి పెద్దమనిషి రబ్బరు చుట్టూ ట్యూబు చుట్టి ఉన్నాడు. సిలిండర్ లోపలి గోడ చెక్కించి (బోరు చేయించి), ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాల్సి వచ్చింది. కంపెనీ సిలిండర్ మళ్లీ రాదు. దాని మీద ఇంకో రెండు బోర్లు చేస్తే ఆ బండి కథ ముగుస్తుంది.

పుదుపేట పాతకాపు:
మీ బండి ట్యూబు వల్లే పట్టేసిందని ఎలా తేల్చారు? కరెంటు పుట్టించే మాగ్నెటో వైపు, క్రాంక్ ఇరుసు చుట్టూ గాలి చొరకుండా ఆపే సీల్ చూశారా? సీల్ గట్టిపడినా గాలి అలాగే పీల్చుతుంది, ప్లగ్ అలాగే తెల్లబడుతుంది. చూడలేదు. కళ్లకు కనిపించింది ట్యూబు, నేరం దాని మీద పడింది.

ఇక మీ ఒరిజినల్ సంగతి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. ఆ కాలపు డబ్బాలో ఉన్న రబ్బరు అంటే దాదాపు ముప్పై ఏళ్ల రబ్బరు. కవర్ విప్పనంత మాత్రాన దానికి వయసు ఆగుతుందా? టైరు మీద ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో నాలుగు అంకెల్లో ఉంటుంది. అంత పాత టైరును కొత్తదని అమ్మితే మీరు కొంటారా? దీని మీద అంకెలు లేవు కాబట్టి చెల్లిపోతోంది.

రసాయనం:
సైకిల్ ట్యూబు సాధారణంగా బ్యూటైల్ రబ్బరు. గాలిని బాగా ఆపుతుంది, పెట్రోలుకు ఆగదు. పెట్రోలు గొట్టాలకు వాడేది నైట్రైల్. సిలికాన్ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

రీడ్‌వాల్వు:
డబ్బా విప్పి, వంచి, లోపల పగుళ్లు లేవని చూసే వేస్తాం. డూప్లికేట్ చేతిలో పట్టుకున్నారా ఎప్పుడైనా? ఫ్లాంజి బల్లపరుపుగా ఉండదు. లోపలి రంధ్రం చిన్నది. రబ్బరు ఎంత గట్టిగా ఉంటుందంటే కార్బురేటర్ ఎక్కించడానికి కొట్టాలి. ఆ రబ్బరు మెత్తగా ఉండటానికి కారణం ఉంది. ఇంజన్ వణుకు, వేడి కార్బురేటర్‌కు చేరకూడదు. చేరితే కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు నురగ కడుతుంది. ఇవన్నీ పట్టించుకోకుండా అతుకులు వేసుకుంటూ పోయినవారి వల్లే ఈ రోజు ఊళ్లో సరైన బండి ఒక్కటి కూడా మిగల్లేదు.

పుదుపేట పాతకాపు:
అసలు మాట ఇప్పుడు వచ్చింది. మా మామయ్య స్పేర్ పార్టుల దుకాణం మూసేటప్పుడు బెంగళూరు నుంచి ఒకాయన కారులో వచ్చి, ఆర్‌ఎక్స్ డబ్బాలన్నీ గంపగుత్తగా కొనుక్కుని వెళ్లాడు. రబ్బర్లు, రీడ్ రేకులు, పిస్టన్ రింగులు అన్నీ. తర్వాత అదే సరుకును ఐదింతలకు అమ్మాడు. కొన్ని అమ్మను కూడా అమ్మలేదు, గాజు అల్మరాలో పెట్టుకున్నాడు. మీరు ఆయన కాకపోవచ్చు. కానీ కొనేవాళ్లందరూ మీలాంటివాళ్లే. సరుకంతా మీ ఇళ్లలో దాచి, మాతో ఒరిజినల్ తప్ప వేయవద్దంటారు. పాలాయనకు అతుకు తప్ప ఏం మిగిల్చారు?

రీడ్‌వాల్వు:
నేనూ కొన్నాను, దాచాను. అవి నేను కొనకపోతే తుక్కుకు వెళ్లేవి. మీ మామయ్యగారు ఆ ధరకు ఇష్టపడే అమ్మారు, ఎవరూ లాక్కోలేదు. పాలాయన ఇప్పుడు ఆర్‌ఎక్స్ నడపడం లేదు, ఫోర్ స్ట్రోక్ స్కూటర్ నడుపుతున్నాడు. ఈ బండిని బతికించుకుంటున్నది మేమే.

పుదుపేట పాతకాపు:
నడపని బండిని బతికించడం అనరు.

కొత్త సభ్యుడు 22:
ఇథనాల్ మాట ఎవరూ ఎత్తలేదేం? పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో సుమారు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో, జెట్లు మార్చని పాత బండి లీకు లేకపోయినా పెట్రోలు తక్కువై కొంత ఎండుతుంది. పాత రబ్బరుకు లోపలి నుంచి కూడా అది మంచిది కాదు.

కెంగేరి గేటు:
అందరికీ ధన్యవాదాలు. సబ్బునీళ్లు చల్లితే రబ్బరు దగ్గర శబ్దం మారింది. అయినా పాతకాపు గారు సీల్ అన్నారని రాజాజీనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర ప్రెషర్ పరీక్ష చేయించాను. సైలెన్సర్ దారి, రబ్బరు నోరు రెండూ బిగించి 6 పీఎస్‌ఐ గాలి పెట్టారు. మాగ్నెటో కవర్ విప్పి చూస్తే ఎడమ సీల్ దగ్గర కూడా బుడగలు వచ్చాయి. కాబట్టి సీల్ మారుస్తున్నాం. రబ్బరుకు డూప్లికేటే తీసుకున్నాను. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి ఫ్లాంజిని చదును చేశారు, మధ్యలో గాలి దూరకుండా పెట్టే కొత్త గాస్కెట్ వేశారు, లోపల అడ్డొస్తున్న అంచును మెల్లగా కోశారు. ఒరిజినల్ కొనలేదు. నాన్నగారు ఈ బండి మీద మళ్లీ కేఆర్ మార్కెట్‌కు వెళ్లాలంటున్నారు, అల్మరాలో పెట్టే ఆలోచన మా ఇంట్లో లేదు.

రీడ్‌వాల్వు:
మీ ఇష్టం. కనీసం సిలిండర్ విప్పి పిస్టన్ మీద గీతలు పడ్డాయేమో చూడండి. అంతకాలం లీకుతో నడిచింది.

రసాయనం:
ఆ గాస్కెట్‌కు సిలికాన్ పూయలేదు కదా?

పుదుపేట పాతకాపు:
కెంగేరి గారూ, క్లిప్పు స్క్రూను బలం కొద్దీ తిప్పకండి. డూప్లికేట్ రబ్బరు మొదట చిరిగేది అక్కడే. కార్బురేటర్ చేతితో తిప్పితే కదలకుండా ఉంటే చాలు. కొన్ని రోజులు నడిపాక మళ్లీ ఒకసారి బిగించుకోండి.