అంకుల్, ఆంట్: మేనమామ, మేనత్త మాటలే ఎందుకు మిగిలాయి?
"అంకుల్ అంటే మామయ్యా, బాబాయా?" అని ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది. రెండూ అని చెప్పేసి మూలాలు వెతకబోతే చిక్కులో పడ్డాను.

అంకుల్ లాటిన్ 'అవుంకులుస్' నుంచి వచ్చింది. దాని అర్థం మేనమామ మాత్రమే. తాతను 'అవుస్' అంటారు కాబట్టి అక్షరాలా 'చిన్న తాత' అన్నమాట, ముద్దుగానే ఉంది. నాన్న అన్నదమ్ములకు 'పత్రుఉస్' అని వేరే పదం. ఆంట్ దగ్గర తిరగబడింది: దాని మూలం 'అమిత', అంటే మేనత్త. పిన్ని, పెద్దమ్మలేమో 'మాతెర్తెర'. అంటే మనలాగే వాళ్లకూ అమ్మవైపు, నాన్నవైపు వేర్వేరు పిలుపులున్నాయి.

రెండు నిఘంటువులు, ఒక వ్యుత్పత్తి కోశం తిరగేశాను. ఏ మాట ఎక్కడిదో చెప్పి ఊరుకున్నాయి. ఈ రెండూ ఇంగ్లీషులోకి, ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత, ఫ్రెంచి మీదుగా వచ్చాయి, అంతవరకు అర్థమైంది. నా సందేహం అంతకు ముందుది.

లాటిన్ ఫ్రెంచిగా మారేటప్పుడు పత్రుఉస్, మాతెర్తెర రెండూ పోయి, సరిగ్గా 'మేన' వరస మాటలే నిలవడానికి భాషాశాస్త్రంలో ఎవరైనా కారణం చూపారా, లేక అలా కుదిరిందంతేనా?