కడ్డీల బిల్లులో ఖాతా నంబరు మారింది, డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

గుంటూరు బిల్డరు:
అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నాను. శుక్రవారం మూడో శ్లాబు కడ్డీల బిల్లు ఈమెయిల్‌లో వచ్చింది. అదే లెటర్‌హెడ్, అదే సంతకం, లారీ నంబరు కూడా సరిగ్గానే ఉంది. ఖాతా నంబరు ఒక్కటే కొత్తది. మా అకౌంటెంటు 4,80,000 రూపాయలు పంపేశాడు. ఈ రోజు డీలరు ఫోను చేసి డబ్బు అడిగితే గుండె ఆగినంత పనైంది. మెయిల్ చిరునామాలో ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉన్నాయి (rn చూడ్డానికి m లాగే ఉంటుంది). శనివారం కూలీలకు బట్వాడా ఇవ్వాలి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, యూటీఆర్ నంబరు (బ్యాంకు ఆ చెల్లింపుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్య) దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే ఆపించవచ్చు. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పంపేముందు ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి నియమం పెట్టింది. ఆ పేరు చదవకుండా మీట నొక్కవద్దని అకౌంటెంటుకు చెప్పండి.

హైదరాబాద్ ప్లానింగ్ ఇంజనీరు:
లారీ నంబరు ఆ మోసగాళ్లకెలా తెలిసిందండీ? మీదో, డీలరుదో మెయిల్ ముందే వాళ్ల చేతికి చిక్కి ఉంటుంది. సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ (వచ్చిన మెయిల్ దానంతటదే వేరే చిరునామాకు వెళ్లే ఏర్పాటు) ఉందేమో చూడండి. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడు కూడా అడిగేది) పెట్టండి. డ్రాయింగులు, హాజరు, బిల్లులు అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి సైటు ఆఫీసు గోడకు అంటించడం నేను చాలా చోట్ల చూశాను.

గుంటూరు బిల్డరు:
ఫిర్యాదు నమోదైంది. ‘బిల్లు’ అన్న మాట ఉన్న ప్రతి మెయిలూ తెలియని చిరునామాకు వెళుతోంది. ఆ ఫార్వర్డింగ్ మా మెయిల్‌ పెట్టెలోనే ఉంది. ఇప్పుడే తీసేశాను.