బౌండరీ వాటర్స్‌కు పన్నెండు మందిమి: రెండు పర్మిట్లతో వెళ్లి లోపల కలవవచ్చా?

మినియాపోలిస్ వాసి:
వచ్చే ఆగస్టులో మూడు కుటుంబాలు కలిసి అమెరికాలోని మినెసోటా ఉత్తర సరిహద్దున ఉన్న, పడవల్లో తిరిగే సరస్సుల రక్షిత అడవి బౌండరీ వాటర్స్‌కు వెళ్దామనుకుంటున్నాం. పెద్దలం ఆరుగురం, పిల్లలు నలుగురు, గుంటూరు నుంచి వస్తున్న మా అమ్మానాన్నలు. అక్కడ బృందానికి తొమ్మిది మందే అన్న నిబంధన ఉంది. ఆరుగురు చొప్పున రెండు పర్మిట్ల మీద వెళ్లి, రాత్రికి ఒకేచోట గుడారాలు వేసుకుంటే తప్పేమిటి? అంత అడవిలో ఎవరికి ఇబ్బంది?

ఈలీ బాటసారి:
తప్పేనండి. పర్మిట్లు ఎన్ని ఉన్నా లెక్క మారదు. నీటి మీద గానీ, బాటలో గానీ, మకాంలో గానీ ఏ సమయంలోనూ ఒక్కచోట తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు. రాత్రికి కలిస్తే రెండు బృందాలూ నిబంధన మీరినట్లే.

అడవి పెద్దదే. పది లక్షల ఎకరాల పైమాట, సరస్సులు 1,100కు పైనే. కానీ మనం పడుకునేది అడవంతా కాదు, గుర్తించిన మకాముల్లోనే. ఒక ఇనుప పొయ్యి, వెనక చెట్లలో మరుగుదొడ్డి గుంట, రెండు మూడు గుడారాలకు సరిపడా చదును. మట్టి పలచని పొర, దాని కింద అంతా రాయి. జనం ఎక్కువగా దిగే మకాముల్లో చూడండి, పైన్ చెట్ల వేళ్లు తేలి, తొక్కి తొక్కి నున్నబడి ఉంటాయి. నాలుగో గుడారానికి చోటు చాలక పక్కనున్న మొక్కలు పీకి చదును చేసేవాళ్లను చూశాను. అక్కడ మళ్లీ పచ్చదనం రావడానికి ఏళ్లు పడుతుంది.

డాలస్ నుంచి:
చెట్ల వేళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ తొమ్మిది అన్న అంకె శిలాశాసనం కాదు, 1990ల దాకా అది పది. పైగా ఈ అడవి కోసం చేసిన 1978 చట్టమే కొన్ని సరస్సుల్లో మోటారు పడవలను ఉండనిచ్చింది. మోటారు మోతకు చోటున్నప్పుడు, తాతా నాయనమ్మలతో మనవలు కలిసి అన్నం తినడానికి చోటు లేదంటే నాకు మింగుడు పడదు. ఈ నిబంధన నలుగురైదుగురు స్నేహితులకు సరిపోతుంది. మనలా కూడి తిరిగే కుటుంబాలను ఎవరూ దృష్టిలో పెట్టుకోలేదు.

ఈలీ బాటసారి:
మోటార్ల విషయంలో మీ బాధే నాదీ. అయితే ఆ రాయితీ కొన్ని సరస్సులకే, దానికీ పరిమితులున్నాయి. ఒక నష్టం ఉంది కదా అని రెండోదాన్ని కలపడం ఏం న్యాయం? పదిని తొమ్మిది చేశారంటే ఆ చోటుకు బరువు ఎక్కువైందనే. నీటి మీద మాట ఎంత దూరం పోతుందో సాయంత్రం వింటే తెలుస్తుంది. అవతలి ఒడ్డున ఎవరో గిన్నె కడిగినా ఇటు వినిపిస్తుంది. లూన్ పక్షి కూత వినడానికి రోజంతా తెడ్డు వేసుకుంటూ వచ్చినవాళ్లకు మన పన్నెండు మంది కబుర్లు వినిపించకూడదు.

డులూత్ గృహిణి:
మినియాపోలిస్ వాసి గారూ, నిబంధన పక్కన పెట్టి మీ అమ్మానాన్నల సంగతి ఆలోచించండి. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవను భుజాల మీద మోసుకుంటూ నడవాలి. దూరాన్ని రాడ్లలో చెబుతారు, రాడ్ అంటే పదహారున్నర అడుగులు. వంద రాడ్లంటే అర కిలోమీటరు. అదీ రాళ్లు, బురద, వేళ్ల మీద, సామాను కోసం మళ్లీ వెనక్కి. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే నరకం.

సాబిల్ సరస్సు దగ్గర అడవి అంచునే కారు వెళ్లే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. పక్కపక్క చోట్లు తీసుకోండి. పగటి షికారుకు పర్మిట్ ఉచితం, అక్కడే రాసుకోవచ్చు. తొమ్మిది లెక్క దానికీ వర్తిస్తుంది కాబట్టి ఉదయం కొందరు, మధ్యాహ్నం కొందరు వెళ్లండి. ఓపికున్నవాళ్లు రెండు రాత్రులు లోపలికి వెళ్లి రావచ్చు.

లోపలికి తిండి ఉన్న రేకు డబ్బాలు, గాజు సీసాలు తీసుకెళ్లనివ్వరు. ఆవకాయను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి గట్టిగా మూయండి. ఆ ఘాటు ఎలుగుబంటికి మనకంటే ముందు తెలుస్తుంది, రాత్రి తిండి సంచీ దానికి అందకుండా ఉండాలి. గంజి సరస్సులో వార్చకండి, ఒడ్డుకు దూరంగా పారబోయండి. ఆగస్టులో దోమలు కాస్త తగ్గుతాయి గానీ అడవి ఎండితే నిప్పు నిషేధిస్తారు, గ్యాస్ పొయ్యి తప్పనిసరి. 2011 ఆగస్టులో పిడుగుతో మొదలైన పగామీ క్రీక్ మంట తొంభై వేల ఎకరాలకు పైగా కాల్చేసింది.

డాలస్ నుంచి:
సాబిల్ ఆలోచన బాగుంది. కుటుంబాలకు తగ్గట్టు నిబంధన మార్చాలన్న నా మాట మాత్రం మారదు. మార్చమని అటవీశాఖకు రాస్తాను. మారేదాకా మీరకూడదన్నది ఒప్పుకుంటాను.

మినియాపోలిస్ వాసి:
అమ్మానాన్నలతో మాట్లాడాను, సాబిల్ ఒడ్డునే ఉంటామన్నారు. వాళ్లకు తోడుగా ఒక జంట, ఇద్దరు చిన్నపిల్లలు ఉంటారు. మిగతా ఆరుగురం రెండు రాత్రులు లోపలికి వెళ్తాం. పర్మిట్ ఎప్పుడు తీసుకోవాలి?

ఈలీ బాటసారి:
మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి బసకు రోజుకు ఇన్ని పర్మిట్లే అన్న కోటా ఉంటుంది. బుకింగ్ జనవరి చివరలో తెరుస్తారు, పేరున్న ప్రవేశ స్థలాల పర్మిట్లు త్వరగా అయిపోతాయి. పర్మిట్‌లో రాసిన చోటు నుంచే, రాసిన రోజే లోపలికి వెళ్లాలి. నాయకుడిగా గానీ, ప్రత్యామ్నాయ నాయకులుగా గానీ ఎవరి పేర్లు ఇస్తారో వాళ్లలో ఒకరే స్వయంగా వెళ్లి పర్మిట్ తీసుకోవాలి, కాబట్టి తప్పకుండా వచ్చేవాళ్ల పేర్లే ఇవ్వండి.