విషం దొరికిన జీవే ఆ విషాన్ని తయారు చేస్తోందా?

ప్రశ్న:
సముద్రజీవుల సహజ విషాల మీద సెమినార్ పత్రం రాస్తున్నాను. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం నీలివలయాల ఆక్టోపస్‌లోనూ, న్యూట్ అనే ఉభయచరాల్లోనూ ఉందని చదివాను. ఏ దగ్గరి బంధుత్వమూ లేని జీవుల్లోకి ఒకే అణువు ఎలా చేరింది? దాన్ని అసలు తయారు చేసేది ఎవరో పరిశోధకులు ఏ ఆధారంతో తేలుస్తారు? నీలి ఆకుపచ్చ శైవలాల విషాల్లోనూ ఇదే చిక్కు ఉందా?

మొదటి సమాధానం:
పఫర్ చేప విషయంలో బలమైన ఆధారం మేత నుంచి వచ్చింది. విషం లేని మేత పెట్టి, సహజ పరిసరాలకు దూరంగా తొట్లలో పెంచిన చేపల్లో విషం దాదాపు కనిపించదు. వాటికే విషమున్న మేత పెడితే కాలేయంలో పేరుకుంటుంది. నరాల్లో సంకేతాలు సాగడానికి కావలసిన సోడియం మార్గాలను ఈ విషం మూసివేస్తుంది, కానీ పఫర్ చేప మార్గాల నిర్మాణంలో కొన్ని అమైనో ఆమ్లాలు మారి ఉండడం వల్ల దానికి హాని కలగదు. విబ్రియో వంటి బాక్టీరియా ఈ విషాన్ని తయారు చేస్తుందని చాలామంది భావిస్తారు. అయితే ప్రయోగశాలలో పెంచిన బాక్టీరియా ఇచ్చే పరిమాణం చాలా స్వల్పం కనుక, ఈ విషయం పూర్తిగా తేలిపోయిందని పత్రంలో రాయవద్దని నా సలహా.

రెండవ సమాధానం:
నీలి ఆకుపచ్చ శైవలాల్లో, అంటే సయనోబాక్టీరియాలో, ఆధారం ఇంతకన్నా గట్టిది, ఎందుకంటే అక్కడ జన్యువులే దొరికాయి. మైక్రోసిస్టిస్ అనే సయనోబాక్టీరియాలో ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే మైక్రోసిస్టిన్ అనే విషం ఉత్పత్తి ఆగిపోతుందని 1997లో చూపించారు. ఒక విషానికి కర్త ఎవరో నిర్ధారించడానికి ఇంతకు మించిన ప్రయోగం లేదని నేను నమ్ముతాను. ఆల్చిప్పల్లో పేరుకుని, తిన్నవారికి పక్షవాతం తెచ్చే సాక్సిటాక్సిన్‌ది మరింత ఆసక్తికరమైన కథ: దాన్ని సముద్రంలోని డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులూ, మంచినీటి సయనోబాక్టీరియా కూడా తయారు చేస్తాయి. 2008లో సయనోబాక్టీరియాలో ఈ విషాన్ని తయారు చేసే జన్యు సమూహాన్ని గుర్తించిన తరువాత, దాన్ని పోలిన జన్యువులు డైనోఫ్లాజెల్లేట్లలోనూ బయటపడ్డాయి.

మూడవ సమాధానం:
కణాలను చంపే డోలాస్టాటిన్ 10 అనే పదార్థాన్ని కూడా చేర్చండి. సముద్ర కుందేలు అని పిలిచే నత్త నుంచి దీన్ని వేరుచేసి, నిర్మాణాన్ని 1987లో ప్రకటించారు. ఆ తరువాత ఇదే పదార్థం ఒక సముద్ర సయనోబాక్టీరియాలో నేరుగా దొరకడంతో, నత్తకు అది ఆహారం ద్వారా వచ్చిందని అర్థమైంది. దీనికి దగ్గరి కృత్రిమ రూపాన్ని ప్రతిరక్షకానికి జోడించి చేసిన బ్రెంటక్సిమాబ్ వెడోటిన్ అనే మందు 2011 నుంచి లింఫోమా అనే క్యాన్సర్ చికిత్సలో ఉంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. అయితే చెరువు నీటిలో విషపు జన్యువులు కనిపిస్తే, ఆ నీరు విషపూరితమని రాయవచ్చా?

రెండవ సమాధానకర్త:
రాయకూడదు. జన్యువు ఉందంటే విషం తయారు చేయగల సామర్థ్యం ఉందని మాత్రమే అర్థం. పైగా విషమున్న మైక్రోసిస్టిస్ రకాలూ, లేనివీ సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపిస్తాయి. అందువల్ల విషాన్నే ఎలైసా (ప్రతిరక్షకాలతో చేసే పరీక్ష) ద్వారా గానీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల ద్రవ్యరాశిని కొలిచే పద్ధతి) ద్వారా గానీ కొలిచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో దీర్ఘకాలిక వాడకానికి మైక్రోసిస్టిన్ రకాల్లో ఒకటైన మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్‌కు సూచించిన లీటరుకు 1 మైక్రోగ్రాము పరిమితితో పోల్చాలి. నీటిని మరిగిస్తే ఈ విషం పోదు. కణాలు పగిలి, లోపలి విషం నీటిలోకి విడుదలవుతుంది. పత్రంలో ఈ మాట తప్పక రాయండి.