ఆదివారం అందరం కూర్చుంటున్నాం, కానీ ఎవరూ మనసు విప్పట్లేదు

గుంటూరు_గోంగూర:
మియాపూర్లో మా అపార్ట్‌మెంట్‌కొచ్చి మూడేళ్లు, పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తెలీదు, లిఫ్ట్‌లో ఓ నవ్వు నవ్వుకోడం తప్ప. అందుకే నెల కిందట, ఆదివారం సాయంత్రం కింద లాన్‌లో ఊరికే కబుర్లు చెప్పుకుందాం రండి అని వాట్సాప్‌లో పెట్టా. 18 మంది వచ్చారు. సంతోషమే కానీ పది నిమిషాలకే ఇద్దరు పెద్దాయనలు గజం రేట్లు, రాజకీయాలు అందుకున్నారు, మిగతావాళ్లు ఫోన్లు తీశారు. ఒకావిడ "అమ్మ పోయి ఆర్నెల్లైంది, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అంటే నలుగురు ఒకేసారి యోగా చెయ్యండి, మంచి డాక్టరున్నాడు అంటూ మీద పడ్డారు, నాతో సహా. ఆవిడ మళ్లీ రాలా. ఏం చెయ్యాలండీ?

నిమ్మసోడా:
సలహాలే కొంప ముంచింది బ్రో. మా బాబాయి తాగుడు మానడానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అని, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే మీటింగులకెళ్లేవాడు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఒక స్టాక్ బ్రోకరూ ఒక డాక్టరూ, ఇద్దరూ తాగుడుకి బానిసలే, ఒకరి గోడు ఒకరికి చెప్పుకోడంతో మొదలైందది. అక్కడ ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు, నీ సంగతి నువ్వు చెప్పుకో అంతే. ఇంట్లో పాతికేళ్లు నోరెత్తనివాడు అక్కడ మాట్లాడాడంటే చూడు.

పెన్నా_ఒడ్డున:
మాది నెల్లూరు జిల్లా. దూబగుంటలో ఆడోళ్లు సారా వద్దంటూ చేసిన ఉద్యమం సంగతి వినుంటారు, అదేమీ మైకులతో పుట్టలేదు, అక్షరాలు నేర్చుకోడానికి రాత్రి బడికొచ్చిన ఆడోళ్ల మాటల్లోంచి పుట్టింది. వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఒకావిడ కథుంది, అది చదివి ఇది మా ఇంటి కథే అని ఒకామె, మాదీ అంతే అని ఇంకొకామె. 1992కి జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్లో సర్కారు సారా ఆపేసింది. మీరు ఉద్యమం చెయ్యక్కర్లేదులెండి 😀 కానీ "ఏదైనా మాట్లాడండి" అంటే గజం రేట్లే వస్తాయి. ఒక సంగతి ముందు పెట్టండి, ఈ ఊరొచ్చిన మొదటి రాత్రి ఎలా గడిచిందో చెప్పమనండి, ముందు మీది చెప్పండి.

చిక్కుడుపాదు:
18 మంది ఎక్కువమ్మా. ఐదారుగురు చొప్పున కూర్చోండి. చేతికేదైనా పనివ్వండి, మా ఊళ్లో అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే అన్ని కష్టాలూ చెప్పుకునేవాళ్లం, మొహాలు చూసుకుంటూ కూర్చుంటే నోరు రాదు.

గుంటూరు_గోంగూర:
థాంక్సండీ అందరికీ. ఈ వారం రెండు కిలోల చిక్కుడుకాయలు తెస్తా. ముందు ఆవిడ దగ్గరికెళ్లి సారీ చెప్పాలి, ఏ ఫ్లాటో వాచ్‌మన్‌ని అడగాలి.