పూజకు ముందు నిశ్శబ్దం కావాలని ఫాదర్ గారికి ఎలా చెప్పాలి?

ఉపదేశి మనవడు:

అందరికీ వందనాలు. మాది గుంటూరు వైపు ఒక పల్లె విచారణ (పారిష్). ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. గుణదల మాత తిరునాళ్ళ స్పెషల్ బస్సుల్లో నిలువుకాళ్ళ మీద టికెట్లు కొట్టినవాణ్ణి కాబట్టి గోల అంటే గిట్టని మనిషినేం కాదు. గుళ్ళో గోలే నాకు పడదు.

ఆదివారం ఏడున్నరకు పూజ అయితే ఏడింటికే వెళ్ళి జపమాల చెప్పుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు ఆ అరగంటా "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ". కీబోర్డు మీద ఎవరి చెయ్యీ ఉండదు, దానంతటదే డప్పు వాయించుకుంటూ ఉంటుంది. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని ఆడవాళ్ళు అందుకునేసరికి స్పీకరు కుయ్యిమంటుంది. పాటల సాహిత్యం కనపడాలని పీఠం పక్క గోడకు పెద్ద తెర పెట్టారు. మొన్న రెండో పఠనం జరుగుతుంటే దాని మీద బ్యాటరీ అయిపోతోందని నోటీసు వచ్చింది. పౌలు గారి లేఖ ఎవరు విన్నారో తెలియదు కానీ ఆ నోటీసు మాత్రం గుడంతా చదివింది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేనిది మొదటి సత్ప్రసాదం రోజు, అంటే పిల్లలు పూజలో పవిత్ర అప్పాన్ని తొలిసారి అందుకునే రోజు జరిగింది. పిల్లలు తెల్లబట్టలతో వరసగా వస్తున్నారు. ఫొటోగ్రాఫరు పీఠం మెట్టెక్కి నిలబడ్డాడు, చెప్పులతోనే. ఒక పిల్లవాడికి ఫాదర్ గారు సత్ప్రసాదం ఇవ్వబోతుంటే ఫ్లాష్ పడలేదట. "ఫాదర్ గారూ, ఒక్క నిమిషం. బాబూ, మళ్ళీ నోరు తెరువు, ఇటు చూడు" అన్నాడు. సత్ప్రసాదం పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. పిల్లవాడు కెమెరా వైపు తిరిగి నోరు తెరిచాడు. వాణ్ణేమంటాం? ఏడాదంతా సత్యోపదేశం తరగతిలో "చేతులు జోడించు, కళ్ళు మూసుకో" అని నేర్పించిన సిస్టర్ గారు పక్కనే నిలబడి నేల చూస్తున్నారు.

మా తాత ఉపదేశి, ఊరివాళ్ళకు మతబోధ చేసేవాడు. అర్ధరాత్రి దాటితే మంచినీళ్ళు కూడా ముట్టకుండా సత్ప్రసాదం తీసుకున్న తరం ఆయనది. 1957లో ఆ ఉపవాసాన్ని మూడు గంటలు చేశారు, 1964లో ఒక్క గంట చేశారు. ఆ గంటను కూడా గేటు దగ్గర టీ గ్లాసుతోనే గడిపేవాళ్ళున్నారు. పాత ఉపవాసాలు తిరిగి తెమ్మని నేను అడగట్లేదు. ఉన్న నాలుగూ సరిగా చేద్దామంటున్నాను.

గుడి బయట కూడా అంతే. "ఈ మాత బొమ్మ పదకొండు మందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త" అని పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. పంపేది మా విచారణవాళ్ళే. మొన్న వచ్చిన బొమ్మలో బాలయేసుకు కుడిచేతికి ఆరు వేళ్ళున్నాయి. కంప్యూటర్ గీసిందట. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలో శుక్రవారం మాంసం ముట్టకూడదు, కానీ ఆ శుక్రవారాల్లోనే ఎవరో ఒకరి ఫంక్షన్ తప్పదు, బిర్యానీ తప్పదు. నేను పెరుగన్నం పెట్టించుకుంటే "ఏం సార్, షుగరా?" అంటారు. షుగరంటే అక్కడితో వదిలేస్తారు. శుక్రవారం అంటే అరగంట చర్చ. నేను శుక్రవారమనే చెబుతాను.

మా ఫాదర్ గారు కొత్తగా వచ్చారు. కుర్రవారు, మంచివారు, రోగులను చూడటానికి బైకు మీద పొలాలకడ్డంపడి వెళ్తారు. ఆయన మనసు కష్టపెట్టకుండా ఈ సంగతి ఎలా చెప్పాలి? రాసివ్వనా, నోటితో చెప్పనా? దీనికి మన కతోలిక శ్రీసభ నియమాలు ఏమైనా ఉన్నాయా?

కీబోర్డు తమ్ముడు:

బాబాయ్ గారూ, మీది వేరే విచారణే అయినా మా గుళ్ళో ఆ కీబోర్డు వాయించేది నేనే. అందుకని నా బాధ కూడా వినండి.

టెస్టింగ్ శనివారం సాయంత్రమే చేసుకోవచ్చుగా అని అందరూ అంటారు. ఆంప్లిఫయరు పెట్టే గది తాళం మా గుడి పెద్ద ఒకాయన దగ్గరుంటుంది, ఆయన ఆదివారం ఏడు దాటితే గానీ రాడు. పోనీ శనివారమే సరిచేసి పెట్టినా, రాత్రి కరెంటు పోయి వస్తే తెల్లారి మళ్ళీ మొదటికొస్తుంది. పాడేది పదో తరగతి, ఇంటర్ పిల్లలు. ఒక్క పాట శ్రుతి తప్పితే వారమంతా ఊళ్ళో వాళ్ళకు అదే మాట. అదీ మా టెన్షన్.

ఇంకోటి. మీరు గుణదల పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా అక్కడ కొండ కింద మైకులు, డప్పులు, రంగులరాట్నాలు, తలనీలాలు, కొబ్బరికాయలు. అవి మీకు ముద్దే కదా? మా రిథమ్ ప్యాడ్ మాత్రం చేదా? 2025 సెప్టెంబరు 7న కార్లో అక్యుటిస్‌ను పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. సత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ చేసిన కుర్రాడు. అందరూ ఆయన్ను కంప్యూటర్ పునీతుడనే అంటున్నారు.

తప్పుగా అనుకోకండి, మీరు పాతకాలపు లాటిన్ పూజ కావాలనేవాళ్ళలో ఒకరా?

ఉపదేశి మనవడు:

తమ్ముడూ, తప్పుగా ఎందుకనుకుంటాను.

లాటిన్ సంగతి ముందు. నేను పూజలో ఫాదర్ గారికి సాయం చేసే పీఠ బాలుడిగా చేరేనాటికి ఇంకా లాటినే. "ఎత్ కుం స్పిరితు తువో" అని తెలుగు అక్షరాల్లో రాసిన కాగితం చూసి బట్టీపట్టాను. అర్థం ఏమిటని తాతను అడిగితే "ముందు గంట టైముకి కొట్టడం నేర్చుకో" అన్నాడు. తర్వాత రెండో వాటికన్ మహాసభ అయింది, తెలుగు వచ్చింది. మా నాయనమ్మ మొదటిసారి సువార్త తన భాషలో పీఠం దగ్గర నుంచి విని ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. అది కాదని నేనెలా అంటాను? లాటిన్ కావాలనేవాళ్ళ మీద నాకు కోపం లేదు, కానీ నేను అడిగేది అది కాదు. అప్పట్లో ఎత్తుబలి దగ్గర, ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తేటప్పుడు చిన్నగంట మోగితే చంటిపిల్లల తల్లులు కూడా పిల్లల నోటికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు. నాకు కావాల్సింది ఆ భయభక్తి. భాష ఏదైనా ఫరవాలేదు.

గుణదల డప్పు నాకు ఇష్టమే. కొండెక్కేటప్పుడు ఎంత వాయించినా వాయించుకో, తేరు వెంట నడిచేటప్పుడు వాయించు, నేనూ గొంతు కలుపుతాను. తలనీలాలు మూఢత్వమని మన కొత్త చదువులవాళ్ళు కొందరు ముక్కు విరుస్తారు, నేను విరవను. మొక్కు తీర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి, రాత్రంతా ఆ నేల మీదే పడుకునే ముసలమ్మ భక్తిని కొలవడానికి మనమెవరం? కానీ ఆ ముసలమ్మే గుహ ముందుకొచ్చి మోకరిల్లాక నోరు విప్పదు. తిరునాళ్ళకు ఉన్నపాటి మర్యాద మన ఆదివారం పూజకు లేదనేదే నా ఏడుపు.

కార్లో అంటావా, ఆ కుర్రాడు రోజూ పూజకు వెళ్ళేవాడు. వీడియో గేములు వారానికి గంటేనని తనకు తానే హద్దు పెట్టుకున్నాడంటారు. ఆ సగం కూడా పిల్లలకు చెప్పు.

తాళం సంగతి మాత్రం నాకు తట్టలేదు. మా గుళ్ళో కూడా ఆంప్లిఫయరు ఆదివారం పొద్దున్నే బయటికొస్తుంది.

కువైట్ అక్క:

అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. అయితే పూజను ఫోన్లలోకి లైవ్ పంపే కెమెరా తీసేయమని మాత్రం ఫాదర్ గారికి చెప్పకండి.

నేను ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. కువైట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారం పూజ శుక్రవారమే పెడతారు. సిటీలో హోలీ ఫ్యామిలీ కెథడ్రల్ ఉంది. కానీ శుక్రవారమే మా మేడం వాళ్ళింటికి చుట్టాలొస్తారు, నాకు సెలవు దొరికేది ఎప్పుడో ఒకసారి. అందుకని ఆదివారం అంట్లు తోముతూ మా ఊరి పూజ ఫోన్‌లో పెట్టుకుంటాను. ఇండియాలో ఏడున్నరంటే ఇక్కడ తెల్లవారుజామున ఐదు. ఇంట్లో ఎవరూ లేచి ఉండరు. మా అమ్మ రెండో వరసలో కూర్చుంటుంది, వెనక నుంచి ఆమె ముసుగు కనపడుతుంది.

మంచాన పడి పూజకు వెళ్ళలేని పునీత క్లారమ్మ గారికి క్రిస్మస్ రాత్రి పూజ గోడమీద కనిపించిందని మా సిస్టర్ గారు చెప్పేవారు. అందుకే 1958లో 12వ పయస్ పోపు గారు ఆమెను టీవీకి పాలక పునీతురాలిగా ప్రకటించారట. నాలాంటివాళ్ళకు ఆ ఫోనే గోడ.

కాకపోతే మీరు చెప్పిన ఆ ఫొటోగ్రాఫరు పని చదివి నాకూ ఒళ్ళు మండింది.

ఉపదేశి మనవడు:

చెల్లెమ్మా, కెమెరా మీద ఒక్క మాట కూడా అనను. గుడి వెనక గోడకు ఒకటి బిగించి ఉంటే ఎవరికీ అడ్డం కాదు. నా తగాదా మెట్టెక్కేవాళ్ళతోనే.

సత్యోపదేశం టీచర్:

పెద్దాయనా, నియమాలు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏ కాగితం తీసుకెళ్ళాలో, ఏది ఇంట్లో పెట్టాలో కూడా చెబుతాను.

1958 సెప్టెంబరు 3న రోము నుంచి పవిత్ర సంగీతం మీద ఒక ఉత్తర్వు వచ్చింది. దానంతటదే వాయించే వాయిద్యాలు పూజలో వద్దని అందులో ఉంది. గుళ్ళో ప్రొజెక్టరు ఏ కారణంతోనూ వాడకూడదని కూడా ఉంది. చదివితే మీకు సంబరంగా ఉంటుంది, కానీ దాన్ని పట్టుకెళ్ళకండి. ఆ తర్వాత మహాసభ జరిగింది, పూజక్రమమే మారింది. ఫాదర్ గారు మిమ్మల్ని లాటిన్ కావాలనేవాళ్ళ లెక్కలో వేసేసుకుంటారు, మీరు చెప్పే అసలు సంగతి వినరు.

మీకు పనికొచ్చేది ఇప్పుడు అమల్లో ఉన్నదే. పూజగ్రంథం మొదట్లో ఉండే సాధారణ నియమావళిలో 45వ పేరా చూడండి. పూజలో ఎక్కడెక్కడ మౌనం పాటించాలో చెప్పి, పూజ మొదలయ్యేముందు కూడా గుళ్ళోనూ, గురువులు వస్త్రాలు వేసుకునే గదిలోనూ నిశ్శబ్దం ఉంటే మంచిదని స్పష్టంగా రాసి ఉంది. ఫాదర్ గారి బల్లమీద ఉండే పుస్తకమే అది. కొత్త సంగతేమీ మీరు చెప్పనట్టే.

ఫోన్ల గురించి అయితే పోపు ఫ్రాన్సిస్ 2017 నవంబరు 8న బుధవారం ప్రసంగంలో మాట్లాడారు. గురువు హృదయాలను పైకెత్తమంటాడు, ఫోన్లను ఎత్తమనడు అని. విశ్వాసులనే కాదు, ఫోన్లెత్తే గురువులనూ మేత్రాణులనూ (బిషప్పులనూ) కూడా కలిపి అన్నారు. ఫ్రాన్సిస్ గారు 2021లో లాటిన్ పూజకు కట్టుదిట్టాలు పెట్టిన మనిషి కాబట్టి ఆ మాటను పాతకాలపు చాదస్తమని ఎవరూ తోసెయ్యలేరు.

నోటితోనే చెప్పండి. శ్రీసభ చట్టం 212వ సూత్రం విశ్వాసులు తమ అవసరాలూ అభిప్రాయాలూ గురువులకు మర్యాదగా చెప్పుకోవచ్చంటుంది. రాతపూర్వకంగా ఇస్తే అర్జీ అయిపోతుంది, విచారణ మండలి మీటింగులో చదువుతారు, వర్గాలు పుడతాయి. మా విచారణలో ఒకసారి అలాగే జరిగి, గుడి సున్నం రంగు మీద మొదలైన గొడవ పండుగ చందాల దాకా వెళ్ళింది.

ఫొటోగ్రాఫరును మాట్లాడి తెచ్చేది తల్లిదండ్రులు. మొదటి సత్ప్రసాదానికి ముందు తల్లిదండ్రుల మీటింగు ఎలాగూ ఉంటుంది. ఎక్కడ నిలబడాలో అక్కడే చెబితే సరి. మా గుళ్ళో గాయకుల పక్కన ఒక చాప వేసి, కెమెరా దాని మీద నుంచి కదలకూడదన్నాం. ఫొటోలు బాగానే వచ్చాయి. పూజ అయ్యాక ఫాదర్ గారు పిల్లలందరితో పీఠం ముందు పావుగంట నిలబడి ఎవరికి కావాల్సినన్ని తీయించుకోనిచ్చారు. తల్లిదండ్రులకు అసలు కావాల్సింది అదే.

కీబోర్డు తమ్ముడు:

చాప ఐడియా బాగుంది టీచర్ గారూ. బాబాయ్, మీకో మాట. ఏడింటికి కాదు, ఆరున్నరకు ఎవరైనా తాళం తీస్తే ఏడింటికల్లా అన్నీ సరిచేసుకుని ఆపేస్తాం. జపమాలకు ఆర్మోనియం కావాలంటే వాయిస్తాం, వద్దంటే కూర్చుని మేమూ చెబుతాం. ఆరున్నరకు తాళం తీసే మనిషే దొరకడు.

ఉపదేశి మనవడు:

మా గుళ్ళో ఆ మనిషిని నేనే అవుతాను. నాలుగింటి డ్యూటీకి బస్సెక్కిన ఒళ్ళు ఇది, ఆరున్నర నాకు మధ్యాహ్నంతో సమానం. శనివారం పాపసంకీర్తనానికి (కన్ఫెషన్‌కు) వెళ్ళినప్పుడు ఫాదర్ గారితో మాట్లాడతాను. పాపసంకీర్తనంలో కాదు, బయటికొచ్చాక. ఆయన కొంచెం తీరిగ్గా ఉండేది అప్పుడే. తాళం నాకివ్వమని, మొదటి సత్ప్రసాదానికి చాప వేయిద్దామని అడుగుతాను. 45వ పేరా సంగతి ఆయన ఒప్పుకోకపోతేనే ఎత్తుతాను.

తెర గురించి ఏమీ అనను. ల్యాప్‌టాప్ కుర్రాడికి ఛార్జరు తెచ్చుకోమని మాత్రం చెబుతాను.

కువైట్ అక్క:

అన్నయ్యా, ఆరువేళ్ళ బొమ్మ మా గ్రూపులోకి కూడా వచ్చింది.

ఉపదేశి మనవడు:

పదకొండు మందికి పంపావా?

కువైట్ అక్క:

మా వదిన పంపింది. శుభవార్త ఇంకా రాలేదు.